రెండు గుంపుల సగటుల తేడాకు ఏ కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ వాడాలి: ఉభాల మడి నుంచి ఉద్దానం క్రియాటినిన్ దాకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరి రెండు రకాలుగా సాగవుతుంది. నీరు నిలిచే చోట ఆకుమడి పోసి ఉభాలు (నాట్లు) వేస్తారు. వానను నమ్ముకున్న చోట ఎదలు (నేరుగా విత్తనం) జల్లుతారు. రెండింటి దిగుబడిలో తేడా ఎంతో నైర వ్యవసాయ కళాశాలలో ప్రాజెక్టు చేసే విద్యార్థి లెక్క కట్టాలి. ఉద్దానంలో రెండు ప్రాంతాల వారి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే పదార్థం) తేడా ఎంతో వైద్య విద్యార్థి చెప్పాలి. కంప్యూటర్లో ఇద్దరూ నొక్కేది ఒకే మెనూ. వచ్చిన జవాబును నమ్మవచ్చా లేదా అన్నది మాత్రం ఆ మెనూ చెప్పదు. అంకెలు పొలం నుంచి, ఊరి నుంచి మన చేతికి ఎలా వచ్చాయో చూస్తే ఏ ఇంటర్వల్ వాడాలో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

అసలు తేడా ఏ అంకె నుంచి ఏ అంకె దాకా ఉండవచ్చో చెప్పే హద్దులే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్. దీన్ని పుస్తకాల్లో విశ్వాస అంతరం అని కూడా రాస్తారు. 95 శాతం ఇంటర్వల్ అంటే, ఇదే పద్ధతిలో మళ్లీ మళ్లీ శాంపిల్ తీసి ప్రతిసారీ ఇంటర్వల్ కడితే, దాదాపు ప్రతి 100లో 95 ఇంటర్వల్స్ అసలు తేడాను తమలో పట్టుకుంటాయి అని అర్థం. ఆ 95 శాతం పద్ధతికిచ్చిన హామీ. పద్ధతి తప్పుగా ఎంచుకుంటే పైన 95 అని రాసుకున్నా లోపల ఉండేది 88 కావచ్చు, 80 కావచ్చు.

కింద వాడిన అంకెలన్నీ లెక్క చూపడానికి వేసుకున్నవే. ఏ ఊరి దిగుబడినీ, ఏ ఊరి ఆరోగ్యాన్నీ చెప్పేవి కావు.

1. ముందు కొలతలు ఒకే తీరున ఉన్నాయా చూడండి

పంట కోత ప్రయోగంలో వరికి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న చదరం గుర్తిస్తారు. నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి తాడు బిగించి, లోపలి పంట కోసి, నూర్చి, తూస్తారు. 25 చదరపు మీటర్లంటే హెక్టారులో 400వ వంతు. కాబట్టి కిలోల బరువును 400తో గుణిస్తే హెక్టారు దిగుబడి వస్తుంది. 25 గ్రాముల తూకం తేడా కూడా హెక్టారుకు 10 కిలోలవుతుంది.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు దొర్లుతుంది. ఎదల గింజను కోసిన రోజే పచ్చిగా తూచి, ఉభాల గింజను నాలుగు రోజులు ఆరబెట్టి తూస్తే తేడా పంటది కాదు, తేమది. అన్నిటినీ 14 శాతం తేమకు తెచ్చుకోవాలి. పచ్చి బరువును (100 − తేమ శాతం)తో గుణించి 86తో భాగిస్తే చాలు. 20 శాతం తేమతో 14.6 కిలోలు తూగిన గింజ 14 శాతం దగ్గర 13.6 కిలోలే. కిలో తేడా తూకంలోనే పోతోందన్నమాట. దీన్ని ఏ ఇంటర్వలూ సరిదిద్దదు.

రక్త పరీక్షల్లోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఒక ల్యాబ్ క్రియాటినిన్‌ను డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తే, మరొకటి లీటరుకు మైక్రోమోల్స్‌లో ఇవ్వవచ్చు. మొదటిదాన్ని 88.4తో గుణిస్తే రెండోది వస్తుంది. 1.2 బదులు 12 అని టైపైన ఒక్క అంకె సగటును, ప్రామాణిక విచలనాన్ని (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) రెండింటినీ పాడు చేస్తుంది. ప్రతి గుంపులో అతి పెద్ద 5 విలువలు, అతి చిన్న 5 విలువలు అసలు కాగితంతో సరిచూసుకున్నాకే లెక్క మొదలుపెట్టండి.

2. వరుసలు ఒకదానికొకటి చుట్టాలా, పరాయివా?

ఎంపికలో అసలు మలుపు ఇదే. ఇక్కడ తప్పితే తర్వాతి అడుగులు ఎంత జాగ్రత్తగా వేసినా లాభం లేదు.

ఒకే రైతు పొలంలో గట్టుకు ఇటు ఉభాలు, అటు ఎదలు ఉంటే ఆ రెండు కొలతలు జత. ఒకే మనిషికి మందుకు ముందు, తర్వాత తీసిన రక్తం కూడా జతే. 12 మంది రైతుల దగ్గర ఉభాలు, వేరే 8 మంది దగ్గర ఎదలు కొలిస్తే అవి విడి గుంపులు. రెండు కాలమ్స్‌లో సమానంగా అంకెలున్నంత మాత్రాన జత అయిపోదు. మొదటి వరుసలోని రెండు అంకెలకు ఏం సంబంధమని అడిగితే జవాబు ఉండాలి.

జతల డేటాను విడి గుంపులుగా లెక్కిస్తే ఎంత నష్టమో చూడండి. ఆరుగురు రైతులు, ప్రతి ఒక్కరి దగ్గరా రెండు చదరాలు, బరువు కిలోల్లో:

ఉభాలు: 14.2, 11.0, 16.1, 12.5, 9.8, 13.6
ఎదలు: 13.1, 10.4, 14.6, 11.7, 9.3, 12.1
తేడా: 1.1, 0.6, 1.5, 0.8, 0.5, 1.5

తేడాల సగటు 1.0. తేడాల ప్రామాణిక విచలనం 0.438. దాన్ని 6 వర్గమూలంతో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ (శాంపిల్ మారితే సగటు ఎంత ఊగుతుందో చెప్పే కొలత) 0.179. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఇక్కడ జతల సంఖ్యలోంచి 1 తీసేస్తే వచ్చేది) 5 కాబట్టి టి విలువ (95 శాతానికి పట్టికలో చూసుకునే గుణకం) 2.571. రెండూ గుణిస్తే 0.46. ఇంటర్వల్ 0.54 నుంచి 1.46 కిలోలు.

ఇవే 12 అంకెలను జత సంగతి మరిచి విడి గుంపులుగా లెక్కిస్తే స్టాండర్డ్ ఎర్రర్ 1.21 అవుతుంది. ఇంటర్వల్ −1.7 నుంచి 3.7 దాకా పోతుంది. సగటు తేడా మారలేదు, అదే 1.0. పెరిగినదల్లా రైతుకూ రైతుకూ మధ్య ఉన్న తేడా. ఒకరి పొలం పల్లం, ఒకరిది మెరక, ఒకరు పశువుల గెత్తం బాగా తోలారు. జతలో ఆ తేడా కొట్టుకుపోతుంది, విడిగా చూస్తే లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది. అందుకే వీలున్న ప్రతిచోటా జతగానే ప్రయోగం పెట్టుకోవడం మంచిది. శాంపిల్ పెంచకుండానే ఇంటర్వల్ ఇరుకు చేసుకునే అతి చవకైన దారి అది.

ఇంకో రకం చుట్టరికం ఉంది, అది కనబడదు. కవిటి మండలంలో ఒక ఊరి నుంచి 20 మందిని, సోంపేట మండలంలో ఒక ఊరి నుంచి 20 మందిని తీసుకుని పోల్చామనుకోండి. ఒక ఊరివారు ఒకే నీళ్లు తాగుతారు, ఒకేరకం పనులు చేస్తారు. ఆ 20 మంది 20 స్వతంత్ర సాక్ష్యాలు కారు. ఒక్కో ఊరి నుంచి తీసుకున్న మనుషుల సంఖ్యలోంచి 1 తీసేసి, ఊరిలోపలి పోలికను చెప్పే సహసంబంధంతో గుణించి, 1 కలిపితే డిజైన్ ఎఫెక్ట్ వస్తుంది. సహసంబంధం 0.05 మాత్రమే అయినా, 20 మందికి అది 1 + 19 × 0.05 = 1.95. స్టాండర్డ్ ఎర్రర్ దీని వర్గమూలంతో, అంటే 1.4 రెట్లు పెరగాలి. మామూలు లెక్క ఇది చేయదు.

ఊళ్లు కొద్దిగా ఉంటే తేలికైన, నిజాయితీగల మార్గం ఒకటుంది. ప్రతి ఊరికి ఒక సగటు తీసి, ఆ సగటులనే డేటాగా పెట్టుకోవాలి. ఒక్కో వైపు 5 ఊళ్లుంటే మీ శాంపిల్ 5, 5. ఇంటర్వల్ వెడల్పవుతుంది, నిజమే. ఉన్న సమాచారం అంతే. ఒక్కో వైపు ఒక్క ఊరే ఉంటే ఆ రెండు ఊళ్ల తేడా చెప్పగలం గానీ, ఆ తేడా నీటి వల్లా, వృత్తి వల్లా, మరొకదాని వల్లా అని చెప్పడానికి దారి లేదు.

3. విడి గుంపులైతే వెల్చ్ ఇంటర్వల్

విడి గుంపులకు రెండు పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. పాతది పూల్డ్ పద్ధతి. రెండు గుంపుల వేరియన్స్ (ప్రామాణిక విచలన వర్గం) సమానమని నమ్మి రెండింటినీ కలిపేస్తుంది. రెండోది వెల్చ్ పద్ధతి. దేని వేరియన్స్ దానికే ఉంచుతుంది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు 1946లో సాటర్త్‌వైట్ ఇచ్చిన సూత్రం, 1947లో వెల్చ్ చేసిన పని దీనికి ఆధారం. మా సలహా సూటిగా ఇదే: విడి గుంపులకు ఎప్పుడూ వెల్చ్ వాడండి. ఎందుకో లెక్కలో చూద్దాం.

ఉభాలు: 12 చదరాలు, సగటు 13.8 కిలోలు, ప్రామాణిక విచలనం 1.5.
ఎదలు: 8 చదరాలు, సగటు 11.7, ప్రామాణిక విచలనం 2.6.

ఎదల్లో మొలక ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా పడుతుంది, కలుపు తేడా కూడా ఎక్కువ. అందుకే అక్కడ విచలనం పెద్దదిగా వేసుకున్నాం.

మొదట ప్రతి గుంపు వేరియన్స్‌ను ఆ గుంపు సంఖ్యతో భాగించాలి. 2.25 ÷ 12 = 0.1875. 6.76 ÷ 8 = 0.845. రెండూ కూడితే 1.0325. దాని వర్గమూలం 1.016, ఇదే స్టాండర్డ్ ఎర్రర్.

తర్వాత డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్. 1.0325 వర్గం 1.066, ఇది పైన. కింద రెండు ముక్కలు: 0.1875 వర్గాన్ని 11తో భాగిస్తే 0.0032, 0.845 వర్గాన్ని 7తో భాగిస్తే 0.1020. మొత్తం 0.1052. భాగిస్తే 10.1. మొత్తం 20 చదరాలున్నా, 18 కాకుండా 10 మాత్రమే వచ్చింది. ఎక్కువ అనిశ్చితి 8 చదరాల గుంపులోనే ఉంది కాబట్టి లెక్క దాని వైపే ఒరిగింది.

10కి టి విలువ 2.228. దాన్ని 1.016తో గుణిస్తే 2.26. తేడా 2.1. ఇంటర్వల్ −0.16 నుంచి 4.36 కిలోలు. 400తో గుణిస్తే హెక్టారుకు −64 నుంచి 1,744 కిలోలు.

అదే డేటాకు పూల్డ్ పద్ధతిలో స్టాండర్డ్ ఎర్రర్ 0.913, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 18, టి విలువ 2.101. ఇంటర్వల్ 0.18 నుంచి 4.02. సున్నా, అంటే తేడా లేదనే అవకాశం, బయటికి పోయింది! ఉభాలే మేలని రాసేయడానికి ఇది చాలు. కానీ ఆ ఇరుకుదనం అరువు తెచ్చుకున్నది. 12 చదరాల నిలకడను తీసుకెళ్లి 8 చదరాల నిలకడలేమి మీద కప్పడం వల్ల వచ్చింది.

గుర్తుంచుకోవలసిన సూత్రం: చిన్న గుంపుకు పెద్ద వేరియన్స్ ఉంటే పూల్డ్ ఇంటర్వల్ ఉండాల్సిన దానికన్నా ఇరుకు. పెద్ద గుంపుకే పెద్ద వేరియన్స్ ఉంటే అనవసరంగా వెడల్పు. రెండు గుంపుల్లో సంఖ్య సమానమైతే రెండు పద్ధతుల స్టాండర్డ్ ఎర్రర్ ఒక్కటే, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌లోనే తేడా. వేరియన్స్‌లు నిజంగా సమానమైనప్పుడు వెల్చ్ వాడినా పోయేది బహు కొద్ది.

చాలామంది ముందు వేరియన్స్‌లు సమానమా అని చూసే లెవీన్ టెస్టో, ఎఫ్ టెస్టో చేసి, అది పాసైతే పూల్డ్, లేకపోతే వెల్చ్ అని వెళ్తారు. ఆ అలవాటు మానాలి. 8, 10 కొలతలున్నప్పుడు ఆ టెస్టులకు తేడా పట్టే బలం ఉండదు. సరిగ్గా మనకు అవసరమైన చోటే అవి మౌనంగా ఉంటాయి. పైగా రెండు అంచెల్లో ఎంచుకుంటే చివర రాసుకునే 95 శాతం 95గా మిగలదు.

4. డేటా ఒక పక్కకు సాగి ఉంటే

వరి దిగుబడి సాధారణంగా సగటుకు అటూ ఇటూ సర్దుకుంటుంది. క్రియాటినిన్ అలా కాదు. ఎక్కువమంది 0.7 నుంచి 1.2 మధ్య ఉంటారు. కిడ్నీ జబ్బు ముదిరిన కొందరు 5, 8, 10 దాకా వెళ్తారు. ఆ కొందరు సగటును లాక్కుపోతారు. కొలతల సంఖ్య 30 దాటితే ఏ డేటాకైనా సాధారణ పద్ధతి సరిపోతుందన్న మాట ఇలాంటి చోట నిలబడదు. సాగుదల ఎక్కువైతే 60, 80 కూడా చాలకపోవచ్చు. రెండు గుంపులూ ఒకే ఆకారంలో సాగి, సంఖ్య సమానంగా ఉంటే తేడా తీసినప్పుడు ఆ సాగుదల చాలావరకు రద్దవుతుంది. గుంపులు అసమానంగా ఉన్నప్పుడే ప్రమాదం.

మొదటి దారి లాగ్. ప్రతి విలువకు సహజ లాగ్ తీసి, లాగ్‌ల మీదే వెల్చ్ ఇంటర్వల్ కట్టి, రెండు కొసలనూ e (2.718)కి ఘాతంగా పెట్టి వెనక్కి తిప్పాలి. లాగ్ సగటుల తేడా 0.30, ఇంటర్వల్ 0.08 నుంచి 0.52 వచ్చిందనుకోండి. వెనక్కి తిప్పితే 1.35, ఇంటర్వల్ 1.08 నుంచి 1.68. దీన్ని చదవడంలో పొరపాటు పడకండి. ఇది సగటుల తేడా కాదు, గుణమధ్యమాల (లాగ్‌ల సగటును వెనక్కి తిప్పితే వచ్చేవి) నిష్పత్తి. మొదటి గుంపు గుణమధ్యమం రెండో గుంపు దానికి 1.35 రెట్లు, అది 1.08 నుంచి 1.68 రెట్ల మధ్య ఎంతైనా ఉండవచ్చు అని రాయాలి. సున్నాలుంటే లాగ్ పనికిరాదు. ప్రతి విలువకు 1 కలిపి లాగ్ తీస్తే ఎంత కలిపామన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

మామూలు సగటే కావలసిన ప్రశ్నలూ ఉంటాయి. డయాలసిస్ రోగి కుటుంబానికి నెలకయ్యే ప్రయాణ ఖర్చు అలాంటిది. సగటును మనుషుల సంఖ్యతో గుణిస్తేనే మొత్తం ఖర్చు వస్తుంది, గుణమధ్యమంతో రాదు. అక్కడ లాగ్ వద్దు, బూట్‌స్ట్రాప్ వాడండి. 1979లో ఎఫ్రాన్ ప్రతిపాదించిన పద్ధతి ఇది. ఒక్కో గుంపులోంచి అదే సంఖ్యలో విలువలను, తీసినదాన్ని మళ్లీ వేస్తూ, యాదృచ్ఛికంగా తీసి సగటుల తేడా రాసుకోవాలి. 10,000 సార్లు ఇలా చేసి, వరుసలో పేర్చి, కింద 2.5 శాతం, పైన 2.5 శాతం వదిలేస్తే మిగిలేది ఇంటర్వల్. గుంపులను కలిపేసి తీయకూడదు. జతల డేటా అయితే జతను విడదీయకూడదు. ఊళ్లవారీగా తీసిన శాంపిల్ అయితే మనుషులను కాదు, ఊళ్లనే తీయాలి.

బూట్‌స్ట్రాప్ చిన్న శాంపిల్‌కు మందు కాదు. 10 విలువల్లోంచి లక్షసార్లు తీసినా ఉన్నవి ఆ పదే. అప్పుడు ఈ మామూలు పెర్సెంటైల్ ఇంటర్వల్ ఇరుగ్గా వస్తుంది. ప్రతిసారీ తేడాను దాని స్టాండర్డ్ ఎర్రర్‌తో భాగించే బూట్‌స్ట్రాప్ టి కొంత మెరుగు.

విలువల బదులు వాటి ర్యాంకులను పోల్చే మాన్-విట్నీ టెస్టు గురించి ఒక్క మాట. దానితో వచ్చే ఇంటర్వల్ హాడ్జెస్-లేమాన్ అంచనాకు, అంటే ఒక గుంపులోని ప్రతి విలువకూ మరో గుంపులోని ప్రతి విలువకూ ఉన్న తేడాల మధ్యగతానికి, చెందినది. సాగిన డేటాలో అది సగటుల తేడా కాదు. వాడవచ్చు, సగటుల తేడా అని పేరు పెట్టకూడదు.

5. ముందు, తర్వాత, పైగా రెండు గుంపులు

ఒక గుంపుకు కొత్త మందు, మరో గుంపుకు పాత మందు ఇచ్చి ఇద్దరికీ ముందూ తర్వాతా కొలిస్తే, ఒక్కో గుంపుకు విడిగా జత ఇంటర్వల్ కట్టి, ఒకదానిలో సున్నా లేదు, మరొకదానిలో ఉంది కాబట్టి కొత్త మందు మేలని తేల్చేస్తుంటారు. ఆ వాదన చెల్లదు. ప్రతి మనిషికి మార్పు ఎంతో తీసి, ఆ మార్పులను రెండు గుంపుల మధ్య వెల్చ్‌తో పోల్చాలి. మొదటి కొలతను కూడా లెక్కలో పెట్టే ఏఎన్‌కోవా చేతనైతే అది ఇంకా మెరుగు, ఇంటర్వల్ సాధారణంగా ఇరుకవుతుంది.

6. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ జారతారు

ఎక్సెల్ డేటా అనాలిసిస్‌లో టి టెస్ట్ మూడు రకాలుగా కనబడుతుంది: పెయిర్డ్, ఈక్వల్ వేరియన్స్, అన్‌ఈక్వల్ వేరియన్స్. మూడోది వెల్చ్. అయితే అది ఇంటర్వల్ ఇవ్వదు. అది చూపే టూ-టెయిల్ క్రిటికల్ టి విలువను స్టాండర్డ్ ఎర్రర్‌తో మీరే గుణించుకోవాలి. టి విలువ ఇచ్చే టి.ఇన్వ్.2టి (T.INV.2T) ఫంక్షన్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌లోని దశాంశాన్ని కోసేస్తుంది, 10.9 ఇచ్చినా 10గానే తీసుకుంటుంది. ఇంటర్వల్ కాస్త వెడల్పవుతుంది, అంతే. కాన్ఫిడెన్స్.టి ఫంక్షన్ ఒక్క కాలమ్‌కే పనిచేస్తుంది. జతల తేడాల కాలమ్‌కు అది సరిపోతుంది, రెండు విడి గుంపులకు కాదు.

ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఫలితం రెండు వరుసల్లో వస్తుంది. ఈక్వల్ వేరియన్సెస్ నాట్ అజ్యూమ్డ్ అని ఉన్న కింది వరుస చదవండి. ఆర్ (R) సాఫ్ట్‌వేర్‌లో టి టెస్ట్ ఫంక్షన్ తనంతట తానే వెల్చ్ చేస్తుంది. జతలకు పెయిర్డ్ అని మీరు చెప్పాలి.

7. చదవడం, రాయడం

రెండు గుంపులకు విడివిడిగా ఇంటర్వల్స్ గీసి, ఒకదాని మీద ఒకటి పడ్డాయి కాబట్టి తేడా లేదనడం చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో కనబడే తప్పు. సగటులు 10, 13, రెండింటి స్టాండర్డ్ ఎర్రర్ 1, శాంపిల్ పెద్దది కాబట్టి గుణకం 1.96 అనుకోండి. ఇంటర్వల్స్ 8.04 నుంచి 11.96, 11.04 నుంచి 14.96. ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కానీ తేడా 3కి స్టాండర్డ్ ఎర్రర్ 1.41 మాత్రమే, ఇంటర్వల్ 0.23 నుంచి 5.77. సున్నా బయటే ఉంది. తేడా గురించి అడిగితే తేడా ఇంటర్వలే చూపాలి.

రిపోర్టులో ఇలా రాయండి: "ఉభాల్లో సగటు దిగుబడి ఎదల కన్నా హెక్టారుకు 840 కిలోలు ఎక్కువ (95 శాతం ఇంటర్వల్ −64 నుంచి 1,744, వెల్చ్ పద్ధతి, 12, 8 చదరాలు)." దేనిలోంచి దేన్ని తీసేశారో తెలియాలి. ఉత్త ± గుర్తు వాడితే అది విచలనమో, స్టాండర్డ్ ఎర్రరో, ఇంటర్వలో చదివేవారికి తెలియదు. ఇంటర్వల్లో సున్నా ఉంటే "తేడా లేదు" అని రాయకండి. పై ఇంటర్వల్ 1,700 కిలోల లాభాన్ని కూడా కాదనలేదు.

తేడా లేదనే చూపాలనుకుంటే లెక్క వేరు. ఎంత తేడా అయితే రైతుకు లెక్కలోకి రాదో, ఉదాహరణకు హెక్టారుకు 300 కిలోలు, పొలంలో అడుగు పెట్టకముందే నిర్ణయించాలి. ఆపైన 90 శాతం ఇంటర్వల్ కట్టి, అది మొత్తం −300, +300 మధ్య ఇమిడితేనే రెండూ సమానమనాలి.

మూడు రకాల వరిని రెండేసి చొప్పున పోలిస్తే పోలికలు మూడవుతాయి. 5 శాతం పొరపాటును మూడింటికి పంచి, ఒక్కోదానికి 98.3 శాతం ఇంటర్వల్ కడితే మూడూ కలిపి 95 శాతం హామీ నిలుస్తుంది.

8. వచ్చే ఏడాది ఎన్ని చదరాలు?

ఇంటర్వల్ తేడాకు అటూ ఇటూ ఎంత ఉండాలో ముందు అనుకోండి. ప్రామాణిక విచలన వర్గాన్ని 8తో గుణించి, ఆ అనుకున్న అంకె వర్గంతో భాగిస్తే ఒక్కో గుంపుకు కావలసిన సంఖ్య వస్తుంది. విచలనం 2 కిలోలు, అటూ ఇటూ 1 కిలో చాలనుకుంటే 8 × 4 ÷ 1 = 32 చదరాలు. అర కిలోకు తగ్గించాలంటే 128. సగానికి ఇరుకు చేయాలంటే నాలుగు రెట్లు కోయాలి. జతలుగా పెడితే పై ఆరుగురు రైతుల లెక్కలో తేడాల విచలనం 0.44 మాత్రమే. జతలకు 8 బదులు 4తో గుణించాలి. అటూ ఇటూ అర కిలోకు 4 × 0.19 ÷ 0.25, అంటే సుమారు 3 జతలు అని వస్తుంది. ఇంత చిన్న సంఖ్యకు ఈ సూత్రం నమ్మదగ్గది కాదు, టి విలువ 2 కన్నా చాలా పెద్దదవుతుంది. 8 నుంచి 10 జతలు పెట్టుకోండి. అవి 20 చదరాలకు మించవు, 256 కాదు. కోతల రోజుల్లో కూలీలు దొరకని ఊళ్లో ఆ తేడా మీదే ప్రయోగం జరగడమో ఆగిపోవడమో ఆధారపడి ఉంటుంది.